తొర్రలో పాసమ్, ఎండు కొమ్మకు వేళ్లు

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు ఆగ్నేయంగా బాస్ అనే చిన్న నది ఉంది. ఆ ఒడ్డు పొదల్లో దొరికిన ఒక సంచి జంతువును 1867లో మ్యూజియం అధిపతి ఫ్రెడరిక్ మెక్‌కాయ్ కొత్త జాతిగా నమోదు చేశాడు. దానికి తన మ్యూజియంలో చచ్చిన జంతువుల చర్మాలను కూరి నిలబెట్టే జాన్ లెడ్‌బీటర్ పేరు పెట్టాడు. సుమారు 130 గ్రాములుండే లెడ్‌బీటర్ పాసమ్ అలా చరిత్రకెక్కింది.

తర్వాత మాయమైంది. 1909 నుంచి ఎవరికీ చిక్కలేదు. చిత్తడి నేలలు ఎండగట్టి పొలాలు చేశారు. 1939 జనవరిలో ‘బ్లాక్ ఫ్రైడే’ కార్చిచ్చు కొండ అడవులను మింగేసింది. ఇక లేదనుకున్నారు. 1961లో మేరీస్‌విల్ దగ్గర ఎరిక్ విల్కిన్సన్ అనే వ్యక్తి కంటబడింది. పదేళ్లకు, 1971లో, విక్టోరియా రాష్ట్ర జంతువు హోదా దక్కింది.

అదే బాస్ నది పరిసరాల్లో, న్యోరా వైపు టీ-ట్రీ పొదల్లో, ఎండు కొమ్మలను పట్టుకుని ఇంకో జీవి ఉంది. గోధుమరంగు వేళ్లు కొమ్మ చుట్టూ బిగించినట్టుండే ఈ శిలీంధ్రాన్ని అక్కడివాళ్లు ‘టీ-ట్రీ ఫింగర్స్’ అంటారు. శాస్త్రీయ నామం హైపోక్రియాప్సిస్ ఆంప్లెక్టెన్స్. ఆ పేరు వచ్చింది 2007లో, అంటే పాసమ్ తర్వాత 140 ఏళ్లకు! ఇది కర్రను నేరుగా తినదు. ఆ కొమ్మలోనే బతికే మరో శిలీంధ్రం మీద ఆధారపడుతుందని శాస్త్రవేత్తల అంచనా. ఏళ్ల తరబడి నిప్పు తగలని పొద ఉంటేనే బతుకుతుంది.

పాసమ్‌దీ అదే పట్టుదల. మన జామాయిలుకు చుట్టమైన మౌంటెన్ యాష్ చెట్టులో పాసమ్‌కు సరిపోయే తొర్ర పడాలంటే వందేళ్లకు పైగా పడుతుంది. ఆ తొర్రను తొలిచేది చాలావరకు శిలీంధ్రాలే. రాష్ట్ర చిహ్నానికి ఇల్లు కట్టిపెట్టిన మేస్త్రీలకు మాత్రం ఏ బిరుదూ లేదు.

2009 ఫిబ్రవరి మంటల్లో పాసమ్ నివాసంలో పెద్ద భాగం కాలిపోయింది. అడవుల నరికివేతకు వ్యతిరేకంగా ఉద్యమాలు, కోర్టు కేసులు నడిచాయి. 2024 ఆరంభంతో విక్టోరియా ప్రభుత్వ సహజ అడవుల్లో వాణిజ్య నరికివేతకు తెరపడింది. టీ-ట్రీ పొదలకు ఆ నిర్ణయం వల్ల ఒరిగేది తక్కువ. వాటికి ముప్పు ఇసుక గనుల నుంచి, భూమి చదును నుంచి, మంటల నుంచి. ఐయూసీఎన్ జాబితాలో రెండూ ఒకే మెట్టు మీద, ‘అంతరించిపోయే తీవ్ర ప్రమాదం’ అన్న వర్గంలో ఉన్నాయి. శిలీంధ్రం కోసం ఔత్సాహికులు ఫ్రెంచ్ ఐలాండ్ అనే దీవిలో పొద పొదా దూరి, కొమ్మ కొమ్మా వెతికారు. అక్కడ దొరికింది.