పలచబడిన హాజరు పట్టీ

జనగామ తాలూకాలో వెట్టిచాకిరీ మీద జనం తిరగబడ్డారు. ఆ పోరులోనే 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పోరు చూసినవాళ్ల మనవలు, మనవరాళ్లు పలకా బలపం పట్టింది సర్కారు బడిలోనే. కడవెండికి దగ్గర్లోని లింగాల ఘనపూర్ పల్లెల్లోనూ అంతే. పటేలు కొడుకు పేరు, జీతగాడి బిడ్డ పేరు ఒకదాని కింద ఒకటి ఉన్నది బడి రిజిస్టర్‌లోనే. ఊళ్లో ఇంకెక్కడా వాళ్లకు ఆ వరస లేదు.

ఆ రిజిస్టర్‌లోంచి ముందు పటేళ్ల పిల్లలు పోయారు. జనగామ నుంచి పసుపుపచ్చ బస్సులు మొదలయ్యాక, చేతిలో నాలుగు పైసలాడే రైతుల పిల్లలు పోయారు. అప్పు చేసైనా కొడుకును బస్సెక్కించి, బిడ్డను ఊరి బడికి పంపిన ఇళ్లు ఎన్నో. చివరికి మిగిలింది కూలోళ్ల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు. కరువొచ్చి అమ్మానాయినలు హైదరాబాద్ బతకబోతే, ఆ పిల్లల పేర్లూ పోయాయి.

ఊరి బడికి రెండు కొసలా కోత పడింది. ప్రైవేటు బడి మూడేళ్లకే నర్సరీలో చేర్చుకుంటుంది. చాలా చోట్ల సర్కారు బడి ఐదేళ్లు నిండేదాకా ఆగుతుంది, అప్పటికే ఆ ఈడు పిల్లలంతా బస్సులో ఉంటారు. అటు నాలుగో తరగతిలోనే చురుకైనవాళ్లు పరీక్ష రాసి, ఐదో తరగతికి గురుకులాలకు పోతారు. గురుకులాలు పేదలకు చేసిన మేలు చిన్నది కాదు, అయినా ఊళ్లో ఐదో తరగతి బెంచీ ఖాళీ అయిన మాటా నిజమే.

పిల్లలు తగ్గితే సార్లనూ తగ్గిస్తారు. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది దాకా ఇద్దరే టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. ఒక సారు మీటింగుకు పోయిన రోజు, ఉన్న ఒక్కరే ఒకటో తరగతికి అక్షరాలు దిద్దబెట్టి, నాలుగో తరగతికి భాగహారం మొదలుపెట్టి, సగంలో లేచి మధ్యాహ్న భోజనానికి బియ్యం కొలిచివ్వాలి. తిరిగొచ్చేసరికి భాగహారం బోర్డు మీద అట్లాగే ఉంటుంది. ఇది చూసిన తండ్రి వచ్చే జూన్‌లో టీసీ అడిగితే, ఆయన్ను తప్పుపట్టే నోరు నాకు లేదు.

2022లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. 'మన ఊరు - మన బడి' పథకం కింద గోడలకు రంగులు పడ్డాయి. తరగతికో సారు మాత్రం రాలేదు. 2024-25 కేంద్ర లెక్కల్లో ఒక్క పిల్లా లేని బళ్లు తెలంగాణలో 2,245. పశ్చిమ బెంగాల్ తర్వాత దేశంలో మనమే.

సర్కారుకు అడిగేది ఒక్కటే. పిల్లలొస్తే సార్లనిస్తామనే మాట చాలించండి. ముందు ప్రతి బడిలో నర్సరీ పెట్టండి, తరగతికో సారును ఇవ్వండి. ఆ తర్వాతే పిల్లల్ని చేర్చుకునే బడిబాటకు రండి.