టైరు లోపలి చరిత్ర

సైకిలు షాపునకు పోయి ట్యూబు కావలెనని అడిగినవానిని షాపువాడు మూడు ప్రశ్నలు వేయును: చక్రము ఎంతది, టైరు వెడల్పు ఎంత, వాల్వు ఏ రకము? ఈ మూడింటిలో ఏ యొక్కదానికి తప్పు జవాబు చెప్పినను, తెచ్చుకొన్న ట్యూబు నాలుగు నాళ్లు తిరుగకముందే మడత పడినచోటనో వాల్వు మొదటనో చిరిగి, నమ్మి యెక్కినవానిని దారి నడుమ దింపివేయును. ఇవి వర్తకులు కల్పించుకొన్న ప్రశ్నలు కావు. ఒక్కొక్క ప్రశ్న వెనుక ఒక్కొక్క చరిత్ర కలదు. ఆ చరిత్ర నెరిగినవానికి ట్యూబు నెన్నుకొనుట సులభమగుటయే గాక, కంటికి కానరాని ఆ వస్తువుపై గౌరవమును కలుగును.

గాలి నింపిన చక్రమను భావము పెడలుతో నడచు సైకిలుకంటె వయసున పెద్దది. 1845వ సంవత్సరమున స్కాట్లండు దేశీయుడైన రాబర్ట్ విలియం థామ్సన్ అను ఇంజనీరు, రబ్బరు పట్టించిన కాన్వాసు గొట్టమునకు తోలు తొడుగు వేసి, దానిని బండి చక్రమున కమర్చి, ఆ కల్పనకు పేటెంటు పొందెను. బండి మెత్తగా, చప్పుడు లేక సాగెను. కాని ఆనాటికి రబ్బరు అరుదు, వెల అధికము, దాని అవసరమును గుర్తించు వాహనము ఇంకను పుట్టలేదు. కావున ఆ కల్పన మరపున పడెను. నలుబదిమూడేండ్లు గడచిన పిమ్మట, 1888లో, బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యము చేయుచుండిన జాన్ బాయిడ్ డన్‌లప్, థామ్సను సంగతి తెలియకయే, తన చిన్నకుమారుని మూడు చక్రముల బండి రాతి వీధులపై పడు కుదుపులను మాన్పదలచి, రబ్బరు గొట్టమున గాలి నింపి, దానిని గుడ్డతో చక్రమునకు చుట్టి బిగించెను. మరుసటి యేడు మే నెలలో విలియం హ్యూమ్ అను పందెగాడు ఇట్టి టైర్ల సైకిలుపై బెల్‌ఫాస్టులో గెలుపొందగా, గట్టి రబ్బరు టైర్ల కాలము ముగియనున్నదని చూచినవారికి బోధపడెను. థామ్సను పాత పేటెంటు వెలికివచ్చుటచే డన్‌లప్ పేటెంటు చెల్లకపోయినను, ఆయన పేరు మాత్రము టైరునకు మారుపేరై నిలిచెను.

అయితే డన్‌లప్ చేసినది నేడు మనమెరిగిన ట్యూబు కాదు. అది చక్రమునకు గుడ్డతోను రబ్బరు సొల్యూషనుతోను అంటించినది. ముల్లు గుచ్చుకొన్నచో ఆ కట్టంతయు విప్పవలెను, మాన్పిన పిదప మరల అంటించి ఆరు దాక వేచియుండవలెను. ఈ యిక్కట్టును తొలగించుటకే 1890లో ఛార్లెస్ వెల్ష్ అంచున తీగ గల టైరును, అదే యేడు విలియం బార్ట్‌లెట్ రిమ్ము వంపులో అంచు ఇరుకుకొను టైరును కనిపెట్టిరి. 1891లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు తమ విడదీయదగు టైరును వెలువరించిరి. ఆ సంవత్సరము పారిస్ నుండి బ్రెస్టు వరకు పోయి మరలివచ్చు పందెమున, సుమారు 1200 కిలోమీటర్ల దూరమును ఛార్లెస్ టెర్రాఁ మిషెలిన్ టైర్లతో మూడు దినములకు లోపలనే ముగించి గెలిచినప్పుడు, దారిలో బాగుచేసుకొనగల టైరే నిజమైన టైరని లోకము గ్రహించెను. టైరు వేరు, ట్యూబు వేరు అయిన దప్పుడే. కుదుపు తగ్గించుటకు పుట్టినది గాలిటైరు. మరమ్మతు చేసికొనుటకు పుట్టినది ట్యూబు. నా దృష్టిలో దాని చరిత్రకంతటికి ఇదియే మూలసూత్రము.

ఇక మొదటి ప్రశ్న, చక్రపు కొలత. ఆదికాలమున చక్రమునకు పేరు పెట్టినది గాలి నింపిన టైరు వెలుపలి వ్యాసమును బట్టి. ఫ్రాన్సువారు 700 మిల్లీమీటర్ల చక్రము నొకదానిని నిర్ణయించి, టైరు లావైన కొలది లోపలి రిమ్మును చిన్నది చేయుచు, ఎ, బి, సి అను అక్షరములు చేర్చిరి. బయట అన్నియు ఒక్క ఎత్తే. లోపల 700ఎ కు 642, 700బి కి 635, 700సి కి 622 మిల్లీమీటర్లు. ఆంగ్లేయులు అంగుళములలో ఈ పనియే చేసిరి. టైర్ల లావు కాలక్రమమున మారిపోయెను, పాత పేర్లు మాత్రము మారలేదు. కావుననే 26 అంగుళములని పేరు గల చక్రములలో 26 × 1⅜ అని భిన్నముతో వ్రాసినది 590 మిల్లీమీటర్ల రిమ్మునకును, 26 × 2.1 అని దశాంశముతో వ్రాసినది 559 మిల్లీమీటర్ల రిమ్మునకును చెందును. మన దేశమున పాలకేనులు, ధాన్యపు బస్తాలు, వెనుక సీటుపై సంసారములు మోసిన పెద్ద సైకిలుది 28 × 1½. దాని రిమ్ము 635, అనగా ఫ్రాన్సువారి 700బి యే. ఈ గందరగోళమునకు విరుగుడుగా నేడు టైరు ప్రక్కన 40-635 వలె రెండంకెలు అచ్చువేయుచున్నారు. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ముపై టైరు కూర్చుండు చోటి వ్యాసము. ట్యూబు కొనువాడు పేరు నడుగక ఈ అంకెలను చదువవలెను.

వెడల్పు విషయమున చెప్పవలసినది స్వల్పము. రబ్బరు సాగును గనుక ఒకే ట్యూబు కొన్ని కొలతలకు సరిపడును. 700 × 25–32 అని పెట్టెపై వ్రాసినది ఆ హద్దు. సన్నని ట్యూబును లావు టైరులో వేసినచో అది సాగి పలుచనై చిన్న ముల్లునకే లొంగును. లావు ట్యూబును సన్నని టైరులో కుక్కినచో మడతపడి, ఆ మడత వద్దనే తెగును.

మూడవ ప్రశ్న వాల్వు. మన ఊళ్ల సైకిళ్లలో తరతరములుగా కనబడునది వుడ్స్ వాల్వు. దీనినే డన్‌లప్ వాల్వు అనియు అందురు. లోపలి లోహపు పుల్లపై సన్నని రబ్బరు గొట్టము తొడిగియుండును. పంపు గాలి ఆ రబ్బరును త్రోసికొని లోనికి పోవును, లోపలి గాలి తిరిగి ఆ రబ్బరునే అదిమి రంధ్రమును మూయును. ఆ చిన్న గొట్టము పాతబడినచో ట్యూబు మార్చనక్కరలేదు, గొట్టము ముక్క మార్చిన చాలును. న్యూయార్కు నగరపు ష్రాడర్‌వారు 1890ల దశాబ్దిలో స్ప్రింగుతో మూయబడు వాల్వును చేసిరి. అదియే నేడు కార్లకును మోటారు సైకిళ్లకును వాడుక. ఫ్రాన్సులో పుట్టిన ప్రెస్టా వాల్వు సన్నగా, కొనయందు చిన్న మరతో నుండి, పందెపు సైకిళ్లలో స్థిరపడెను. ప్రెస్టాకు రిమ్మున సుమారు 6.5 మిల్లీమీటర్ల రంధ్రము చాలును. తక్కిన రెండింటికి 8 మిల్లీమీటర్లకు పైగా కావలెను. పెద్ద రంధ్రమున సన్నని వాల్వు కదలియాడి, దాని మొదలు వద్ద రబ్బరు కోసికొనిపోవును. చిన్న రంధ్రమున లావు వాల్వు దూరనే దూరదు.

ఇంతవరకు కొలతలను గూర్చి చెప్పితిని. ఆ గాలిని పట్టియుంచు రబ్బరు చరిత్ర చెప్పక ముగించుట న్యాయము కాదు. గాలిటైర్లకు గిరాకి పెరిగినకొలది అడవి రబ్బరుకై వెదుకులాట తీవ్రమై, బెల్జియం రాజు రెండవ లియోపోల్డు పాలనలోనుండిన కాంగోలో, చెప్పినంత రబ్బరు తేని గ్రామవాసులను కొరడాలతో కొట్టుట, చేతులు నరకుట, ఊళ్లు తగులబెట్టుట సాగెను. బ్రిటిషు కాన్సలు రోజర్ కేస్‌మెంట్ 1904లో ఆ ఘోరములను నివేదికగా వెల్లడించెను; 1908లో రాజు చేతినుండి ఆ దేశము తప్పెను, పోయిన ప్రాణములు తిరిగి రాలేదు. అంతకు చాల మునుపే, 1876లో, ఆంగ్లేయుడైన హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుండి లండను చెంతనున్న క్యూ తోటకు చేర్చిన రబ్బరు విత్తులలో మొలకెత్తినవి సింహళమునకు, మలయాకు చేరి తోటలై, అడవి రబ్బరు అవసరమును తగ్గించెను. 1937లో అమెరికాలో కనిపెట్టబడిన బ్యూటైల్ రబ్బరు, సహజ రబ్బరుకంటె ఎంతో మేలుగా గాలిని నిలుపును గనుక, నేటి ట్యూబులలో అధికభాగము దానితోనే తయారగుచున్నవి.

వీధిమొగమున కూర్చున్న పంచరు పనివాడు ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి, బుడగ లేచిన చోటును వ్రేలితో పట్టి, ఆరబెట్టి, గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, అతుకు వేసి అదిమిపట్టునప్పుడు, 1891లో సాధింపబడిన ఆ స్వాతంత్ర్యమే అతని చేతులలో మెదలుచుండును. గాయపడిన వస్తువును పారవేయక బాగుచేసికొని సాగిపోవచ్చునను ఈ ధైర్యమును సామాన్యుని వాహనమునకు ఇచ్చినది ట్యూబు. అతుకు మీద అతుకు పడి పని ముగిసిన నాడు మాత్రము, పాత ట్యూబును చేతబట్టుకొని షాపునకు పోవలెను. టైరు ప్రక్కనున్న రెండంకెలు చదివి, వాల్వు రంధ్రము చూచుకొని, ఆ మూడు ప్రశ్నలకు సరియైన జవాబు చెప్పవలెను.