ఇంటర్నెట్ ఫోన్ ధ్వనికి ఫైర్‌వాల్ పోర్టుల అమరిక

ఇంటర్నెట్ ఫోన్‌లో మాటను మోసే ప్యాకెట్లు సంస్థ నెట్‌వర్క్ సరిహద్దును రెండు వైపులా దాటేందుకు ఫైర్‌వాల్‌లో రాసే నియమాల సముదాయం ఇది. ఆఫీసు హైదరాబాద్‌లోనూ షెడ్డు పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోనూ ఉండే సంస్థలు రెండు చోట్ల ఎక్స్‌టెన్షన్లను ఒకే ఎక్స్ఛేంజి కింద కలపాలనుకున్నప్పుడు దీని అవసరం పడుతుంది. ఉదాహరణకు ఇక్కడ సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలం వెలిమెలలోని ఒక షెడ్డును తీసుకుంటున్నాం.

నెట్‌వర్క్ మీద మాట ఎప్పుడు నడిచిందన్న దానిపై కథనాలు కలవవు. ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్ మీద 1974 ఆగస్టులో జరిగిన ప్రయోగాన్ని కొందరు మొదటిదిగా లెక్కిస్తారు. 1977లో వెలువడిన సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 741 మాత్రం తాను నిర్వచించే ధ్వని ప్రోటోకాల్ అమలు 1973 డిసెంబరులోనే మొదలైందని చెబుతుంది. ఆ ప్రోటోకాల్‌ను నిర్వచించిన పత్రమే కాబట్టి రెండో మాటకే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు. నేటి అమరికకు ఆధారమైనవి 1996 నాటి ఆర్‌టీపీ, 1999 నాటి సిప్. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న మూల పాఠాలు వరుసగా ఆర్‌ఎఫ్‌సీ 3550 (2003), ఆర్‌ఎఫ్‌సీ 3261 (2002).

చిక్కంతా ఈ రెండూ వేర్వేరు దారుల్లో పోవడంతో వచ్చింది. కాల్ కలపడం, తెంచడం సిప్ పని. దానికి సాధారణంగా 5060 పోర్టు, టీఎల్‌ఎస్ రక్షణ ఉంటే 5061. మాట మాత్రం ఆర్‌టీపీ మీద, యూడీపీలో, కాల్ కలిసే క్షణంలో ఇరుపక్షాలు చెప్పుకున్న పోర్టుకు వెళుతుంది. ఆ పోర్టు సంఖ్యనూ ఐపీ చిరునామానూ సిప్ సందేశం లోపల ఉండే ఎస్‌డీపీ భాగంలో రాస్తారు. షెడ్డులోని ఫోను అక్కడ లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే చెల్లే తన 192.168 చిరునామానే రాసి పంపితే అవతలివాడు జవాబు ఎక్కడికి పంపాలి? ఫోను మోగుతుంది, ఎత్తుతారు, ఒకవైపు మాటే వినబడుతుంది. సాంకేతిక నిపుణులు వన్ వే ఆడియో అనే ఈ లోపానికి ఫోను పరికరాన్ని మార్చి చూసేవారు ఉన్నారు గాని, తప్పు దాదాపు ఎప్పుడూ సరిహద్దులోనే ఉంటుంది. ఎక్స్ఛేంజి అమరికలో బయటి స్టాటిక్ ఐపీని నమోదు చేయడం మొదటి మందు.

ఎన్ని పోర్టులు తెరవాలన్నది తరచు నోటిలెక్కగా సాగుతుంది. 10000 నుంచి 20000 వరకు అని ఎక్కువమంది రాసేస్తారు. ఆ అంకెలు ఆస్టరిస్క్ అనే ఉచిత ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనా అమరిక ఫైలువి, ప్రమాణం కావు. ఫ్రీస్విచ్‌లో 16384 నుంచి 32768 అని ఉంటుంది. ఆర్‌టీపీకి నమోదైన 5004ను ఆచరణలో తక్కువ మంది వాడతారు. ఆనవాయితీగా ధ్వనికి సరి సంఖ్య పోర్టు, దాని పక్కనున్న బేసి సంఖ్య కాల్ నాణ్యత లెక్కలు మోసే ఆర్‌టీసీపీకి. ఎక్స్ఛేంజి గుండా సాగే ఒక కాల్‌కు రెండు కొసలు. కొసకు రెండు పోర్టుల చొప్పున నాలుగు. వెలిమెల షెడ్డులో ఏకకాలంలో 20 కాల్స్ అనుకుంటే 80 పోర్టులు కావాలి. అప్పుడే ముగిసిన కాల్స్‌కూ చోటు వదిలి 10000–10199 పెట్టుకుంటే సరిపోతుంది. ఎక్స్ఛేంజిలో ఏ పరిధి రాశారో ఫైర్‌వాల్‌లో అదే ఉండాలి. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే కొన్ని కాల్స్ బాగుండి కొన్ని మూగబోతాయి. పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన లోపం అదే.

లైను సామర్థ్యం కూడా చూసుకోవాలి. జీ.711 అనే ధ్వని కోడెక్‌తో ఒక కాల్ ధ్వని సెకనుకు 64 కిలోబిట్లు. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లకు శీర్షికలు కలిపితే ఐపీ స్థాయిలో 80. అంటే 20 కాల్స్‌కు ఒక్కో దిశలో 1.6 మెగాబిట్లు. జీ.729 వాడితే కాల్‌కు 24 కిలోబిట్లే.

రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఉంటుంది. సందేశంలోని లోపలి చిరునామాను దారిలోనే దిద్దడం దాని ఉద్దేశం. ఎక్స్ఛేంజి ముందే దిద్దిన దాన్ని ఇది మళ్లీ దిద్ది చెడగొట్టిన సందర్భాలు ఎక్కువ. టీఎల్‌ఎస్‌లో వెళ్లే సందేశం దానికి కనబడనే కనబడదు. ఆపేయమనే సలహాయే మేలైనదిగా తోస్తుంది. మైక్రోటిక్ రౌటర్లలో ఇది సర్వీస్ పోర్ట్స్ జాబితాలో ఉంటుంది.

కాల్ ఎన్ని సెకన్లకు తెగిందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. సరిగ్గా 32 సెకన్లకు తెగితే సిప్‌లో చివరి అంగీకార సందేశం చేరలేదన్నమాట: ప్రమాణంలోని అర సెకను గడియ 64 రెట్లు గడిచింది. ఇది ధ్వని పోర్టుల తప్పు కాదు. పావుగంటకు తెగితే సెషన్ టైమర్‌ను అనుమానించాలి. 1800 సెకన్ల గడువులో సగానికి పునరుద్ధరణ సందేశం వెళుతుంది. ఫైర్‌వాల్ సొంత గడువు కూడా కారణం కావచ్చు: యూడీపీ దారిని రెండు నిమిషాలలోపు మూయకూడదని 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4787 చెప్పినా, లైనక్స్ ఫైర్‌వాల్‌లో జవాబు రాని ప్రవాహానికి డిఫాల్ట్ గడువు 30 సెకన్లే.

5060ని లోకమంతటికీ తెరిచి ఉంచడం ప్రమాదం. సిప్‌విషస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో అలాంటి పోర్టుల కోసం రోజంతా వెతికేవారు ఉంటారు. బలహీనమైన పాస్‌వర్డ్ దొరికితే విదేశీ కాల్స్ బిల్లు సంస్థ నెత్తిన పడుతుంది. సర్వీసు ఇచ్చే సంస్థ చిరునామాలకు మాత్రమే అనుమతి రాయడం, శాఖల మధ్య వీపీఎన్ వేయడం వాడుకలో ఉన్న రక్షణలు.

ఇంటి తరహా ఫైబర్ కనెక్షన్లలో చాలా వాటికి 100.64 నుంచి 100.127 వరకు ఉన్న శ్రేణిలోని ఉమ్మడి చిరునామా వస్తుంది. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత శ్రద్ధగా చేసినా పనిచేయదు. స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా టర్న్ సర్వర్ మీదుగా ధ్వనిని పంపాలి. దాని పోర్టు 3478.

మనదేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమిత అనుమతి 2002 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఫోన్ నెట్‌వర్క్‌తో కలిసే సేవపై ట్రాయ్ సిఫార్సులు 2017 అక్టోబరులో రాగా, టెలికాం శాఖ 2018 జూన్‌లో లైసెన్సు నిబంధనలు సవరించింది. కాల్ సెంటర్ల నియమాలు 2020 నవంబరులోనూ 2021 జూన్‌లోనూ సడలాయి; టోల్ ఎగవేతపై, అంటే ఫోన్ కంపెనీకి చెల్లించాల్సిన రుసుము తప్పించుకునేలా కాల్‌ను మళ్లించడంపై నిషేధం మాత్రం సడలలేదు.

ఐపీవీ6లో చిరునామా మార్చే బెడద సాధారణంగా ఉండదు. ధ్వని పరిధికి అనుమతి నియమం అక్కడ కూడా రాయాల్సిందే.