బాలింత మాయను తినాలా? చరిత్ర ఏమంటుంది?



కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అంటారు మన పెద్దలు. అందుకే పురిటి మంచం చుట్టూ ప్రతి దేశంలోనూ బోలెడన్ని ఆచారాలూ, మందులూ, పథ్యాలూ పెరిగాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. ఇవాళ వాటిలో ఒక విచిత్రమైనదాన్ని గురించి చెప్పుకుందాం.

అమెరికా, ఇంగ్లండు వంటి దేశాల్లో కొంతమంది తల్లులు కాన్పు కాగానే తమ మాయను పారేయనివ్వకుండా అడిగి ఇంటికి తెచ్చుకుంటున్నారు. దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, క్యాప్సూల్స్‌లో నింపి ఇవ్వడానికి మనుషులున్నారు. అందుకు డబ్బు కూడా పుచ్చుకుంటారు. రోజూ ఆ క్యాప్సూల్స్ మింగితే నీరసం తగ్గుతుందనీ, పాలు బాగా పడతాయనీ, మనసు దిగులుపడకుండా ఉంటుందనీ వాళ్ల నమ్మకం.

వింటే మనకి ఒళ్లు జలదరిస్తుంది. కాని కూతురి పురిటికని అమెరికా వెళ్లే తల్లులు మనలో తక్కువేం కాదు. అక్కడ ఈ మాట చెవిన పడితే "ఛీ ఛీ" అని ముక్కు మూసుకుంటే సరిపోదు. ఎందుకంటే వాళ్లు చెప్పే మొదటి మాటే, "ఇది కొత్తదేం కాదు, పూర్వకాలం నుంచీ అన్ని దేశాల తల్లులూ చేసిందే" అని. ఆ మాట నిజమా కాదా అని చూడాలంటే చరిత్రనే అడగాలి.

ముందు మాయ సంగతి చూద్దాం. కడుపులో బిడ్డకి తిండీ, ప్రాణవాయువూ తల్లి రక్తంలోంచి అందేది దీని ద్వారానే. తొమ్మిది నెలలు నిలబడడానికి కావలసిన హార్మోన్లు కూడా ఇదే తయారుచేస్తుంది. సుమారు అరకిలో బరువుంటుంది. బిడ్డ పుట్టాక కాసేపటికి తన పని ముగించుకుని తనూ బయటపడిపోతుంది. ఇంగ్లీషులో దీన్ని 'ప్లాసెంటా' అంటారు. ఇటలీ దేశపు వైద్యుడు రియాల్డో కొలంబో 1559లో అచ్చయిన తన శరీరశాస్త్ర గ్రంథంలో ఈ పేరు వాడాడు. లాటిన్ భాషలో దానికి చదునైన రొట్టె అని అర్థం. పేరులో తిండి ఉన్నమాట నిజమే గాని, ఆకారం చూసి పెట్టిన పేరు తప్ప తినమని పెట్టింది కాదు!

జంతువులు తింటాయి కదా అంటారు. అదీ నిజమే. కుక్క, పిల్లి, ఎలుక, కోతి, ఇలా పాలిచ్చే జంతువుల్లో చాలావరకు తింటాయి. ఒంటె మాత్రం తినదు. మన పల్లెల్లో ఆవు ఈనితే, అది మావిని తినేయకుండా పడేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండే అలవాటు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అమెరికాలో బఫెలో విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ క్రిస్టల్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి ఎలుకల మీద ఈ విషయమే పరిశోధించాడు. ఈనే సమయంలో నొప్పిని ఓర్చుకునే శక్తిని పెంచే గుణం ఏదో మాయలో ఉందని ఆయన కనుక్కున్నాడు. అయితే అది ఎలుక సంగతి. అప్పటికప్పుడు పచ్చిగా తిన్నదాని సంగతి. నాలుగు రోజుల తరవాత మనిషి మింగే పొడికి దాన్ని ఎలా అన్వయిస్తాం?

మరి మనుషులు తిన్నారా? నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ యంగ్, డేనియల్ బెనిషెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ప్రశ్నే వేసుకున్నారు. ప్రపంచంలోని 179 జాతుల ఆచార వ్యవహారాల గురించి రాసిపెట్టిన గ్రంథాలన్నీ వెతికి, 2010లో ఫలితం ప్రకటించారు. తల్లి తన మాయను తానే తినడం ఆచారంగా స్థిరపడిన జాతి ఒక్కటి కూడా వాళ్లకి కనపడలేదు. పూర్వం అందరూ చేసిందేనన్న మాట ఇక్కడే వీగిపోయింది.

అయితే మాయను జనం పట్టించుకోలేదని కాదు. ఎంతో గౌరవంగా చూశారు. న్యూజిలాండులోని మావొరీ జాతివారి భాషలో మాయకీ, నేలకీ ఒకటే మాట, 'ఫెనువా'. బిడ్డ మాయను సొంత నేలలో పాతిపెడితే ఆ బిడ్డకి ఆ నేలతో బంధం ఏర్పడుతుందని వాళ్ల భావన. కొరియా రాజవంశంలో అయితే రాజకుమారుల మాయలను జాడీల్లో భద్రపరిచి, మంచి కొండ చూసి రాతి కట్టడాల్లో ఉంచేవారు. సెజాంగ్ మహారాజు కొడుకుల కోసం 1438-1442 మధ్య కట్టిన అటువంటి కట్టడాలు సియోంగ్జు అనే చోట నేటికీ ఉన్నాయి. జావా ద్వీపంలో మాయను బిడ్డకి తోబుట్టువుగా తలచి ఇంటి దగ్గర పాతి, దీపం పెడతారు. మన ఇళ్లలో కాన్పులయ్యే రోజుల్లో మాత్రం ఏం జరిగింది? మంత్రసాని పెరట్లో లోతుగా గొయ్యి తీసి, కుక్కలూ నక్కలూ లాగకుండా పాతిపెట్టేది. ఇంత దూరదూరపు జనం అంతా దాన్ని మట్టికే అప్పజెప్పారన్నమాట.

"చైనా మాటేమిటి?" అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. చైనా వైద్యంలో ఎండబెట్టిన మాయ శతాబ్దాలుగా ఒక మందు. దాని పేరుకి 'ఊదారంగు నదీ శకటం' అని అర్థం. లీ షిజెన్ అనే మహావైద్యుడు 1578లో పూర్తిచేసిన ఔషధ గ్రంథంలో దాన్ని చేర్చాడు. ఆయన 1593లో పోయాక, 1596లో ఆ గ్రంథం అచ్చయింది. అయితే ఆ మందు ఎవరికిచ్చారన్నది ముఖ్యం. చిక్కి శల్యమైన రోగులకీ, క్షయలాంటి జబ్బుతో తీసుకునేవారికీ, సంతానం లేనివారికీ ఇచ్చేవారు. అంటే వైద్యుడు రోగికిచ్చే మందే తప్ప, ప్రతి బాలింతా తన మాయను తానే తినే ఆచారం కాదు. ఆ చైనాలోనే 2005లో ప్రభుత్వం మాయ తల్లికే చెందుతుందనీ, ఎవరూ దాన్ని అమ్మడం, కొనడం చేయకూడదనీ చెప్పింది. 2015లో అక్కడి అధికార ఔషధ గ్రంథం నుంచి ఆ మందునే తీసేశారు.

పాశ్చాత్య దేశాల్లో ఈ ముచ్చట మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. 1918లో అమెరికాలో హామెట్ అనే శాస్త్రజ్ఞుడు బాలింతలకి మాయ పొడి ఇచ్చి, పాలు తాగే పిల్లల పెరుగుదల ఎలా ఉందో చూశాడు. 1954లో చెకొస్లొవేకియా వైద్యులు పాలు తక్కువైన 210 మంది తల్లులకి ఇచ్చి, చాలామందికి పాలు పెరిగాయన్నారు. కాని నేటి పద్ధతుల ప్రకారం చూస్తే ఆ పరీక్షలు నిలబడేవి కావు. బాలింతకి మూడో రోజో నాలుగో రోజో పాలు పడడం సహజమే కదా! అది పొడి మహిమో, ప్రకృతి మహిమో విడదీసి చూడాలి. ఇక ఇళ్లలో వండుకు తినడం అమెరికాలో 1970ల తొలి సంవత్సరాల్లో, ఆస్పత్రులకి దూరంగా సహజ జీవనం గడుపుదామనుకున్న యువతీయువకుల మధ్య కనిపించింది. క్యాప్సూల్స్ వ్యాపారం ఈ శతాబ్దంలో పుట్టిందే. అరవై ఏళ్లు నిండని అలవాటుకి వేల ఏళ్ల వయసు అంటగట్టారన్నమాట.

సరే, కొత్తదైనా మంచి చేస్తే తప్పేమిటంటారా? దానికీ పరీక్ష జరిగింది. ఇందాక చెప్పిన నెవాడా పరిశోధకులే కొంతమంది బాలింతలకి మాయ క్యాప్సూల్స్, మరికొంతమందికి చూడడానికి అలాగే ఉండే మాంసపు పొడి క్యాప్సూల్స్ ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో తల్లులకీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. 2017లో, 2018లో ఫలితాలు వచ్చాయి. ఒంట్లో ఇనుము విషయంలో గాని, దిగులూ అలసటా విషయంలో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. పరీక్షలో పాల్గొన్నవారు ముప్ఫైమందికి లోపే కనుక ఇదే ఆఖరి మాట అనలేం. కాని మేలు చేస్తుందన్న రుజువు మాత్రం దొరకలేదు.

కీడు సంగతి చూస్తే, 2016లో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రంలో ఒక పసిబిడ్డకి పుట్టగానే రక్తంలో ప్రమాదకరమైన క్రిమి చేరింది. మందులిచ్చి నయం చేసి ఇంటికి పంపితే కొద్ది రోజుల్లోనే మళ్లీ అదే జబ్బు తిరగబెట్టింది. ఆరా తీస్తే తల్లి మాయ క్యాప్సూల్స్ వేసుకుంటోందని తెలిసింది. పరీక్షిస్తే ఆ క్యాప్సూల్స్‌లోనూ అదే క్రిమి ఉంది. ఇంట్లో మరొకరి నుంచి సోకే వీలు కూడా లేకపోలేదని వైద్యులు నిజాయితీగా రాశారు. అయినా అటువంటి క్యాప్సూల్స్ వేసుకోకపోవడమే మంచిదని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2017లో సలహా ఇచ్చింది. బిడ్డ రెండోసారి కూడా కోలుకుంది, అదృష్టం.

మరి చదువుకున్న ఆ తల్లులు ఎందుకు దీన్ని నమ్ముతున్నారు? వెర్రి వెయ్యి విధాలని నవ్వి ఊరుకోవడం న్యాయం కాదు. పరాయి ఊళ్లో, నాలుగు గోడల మధ్య పసిగుడ్డుతో ఒంటరిగా ఉన్న అమ్మాయి పరిస్థితి ఒక్కసారి ఊహించండి. రాత్రి నిద్ర ఉండదు. ఒళ్లు పచ్చిగా ఉంటుంది. మాయ పడిపోవడంతోనే హార్మోన్లు ఒక్కసారిగా తగ్గి, కారణం లేకుండా ఏడుపొస్తుంది. తలకి నూనె పెట్టేవారు లేరు, వేడి అన్నంలో నెయ్యి వేసి పెట్టేవారు లేరు. అప్పుడు ఎవరైనా ఒక సీసా చేతిలో పెట్టి, "ఇది నీ ఒంట్లోంచి వచ్చిన బలమే" అంటే, ఆ మాటే కొండంత అండగా తోస్తుంది.

పూర్వపు జనం మాయను మట్టిలో పెట్టి, తల్లిని చేతుల్లో పెట్టుకున్నారు. చైనాలో బాలింత నెల్లాళ్లు కదలకుండా విశ్రాంతి తీసుకుంటుంది. అల్లం వేసిన కోడి పులుసు ఇస్తారు. కొరియాలో సముద్రపు నాచుతో చారు కాచి పోస్తారు. మనకి శొంఠి, మిరియాలు, బెల్లం కలిపిన కాయం ముద్ద ఉంది, పుట్టింటి పురుడు ఉంది. వంటకాలు వేరైనా, వెనక ఉన్నది ఒకటే. తల్లి చేయవలసిన పని ఇంకొకరు చేయడం, తల్లికి కావలసింది ఇంకొకరు వండిపెట్టడం. చరిత్రలోంచి తీసుకోవాలంటే అదీ తీసుకోవలసింది.

అలాగని మన పద్ధతులన్నీ మేలిమి బంగారమనీ అనను. బాలింతకి మంచినీళ్లు లెక్కపెట్టి పోయడం, పప్పూ పాలూ ఆకుకూరలూ మాన్పించి కారప్పొడి మెతుకులతో రోజులు గడిపించడం మన ఇళ్లలో జరిగిందే. పాలిచ్చే తల్లికి నీళ్లూ కావాలి, అన్ని రకాల తిండీ కావాలి. మన దేశంలో 2019-21లో జరిగిన ప్రభుత్వ సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందుకే గర్భిణిగా 180 రోజులూ, కాన్పయ్యాక మరో 180 రోజులూ ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోమని 2018లో మొదలైన ప్రభుత్వ పథకం చెబుతోంది. చాలామంది కాన్పు కాగానే ఆ మాత్రలు అటక మీద పడేస్తారు. అలా చేయకండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, "బాలింత చాదస్తం" అని కొట్టిపారేయక డాక్టరుకి చూపించండి.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, దూరపు దేశపు మందు మీద మోజు పడక్కర్లేదు. మీ అమ్మాయో, కోడలో ఈ సంగతి ఎత్తితే కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఈ చరిత్ర చెప్పండి. చెప్పి, రాత్రిపూట బిడ్డను మీరు ఎత్తుకుని, ఆ తల్లిని నాలుగు గంటలు కంటినిండా పడుకోనివ్వండి. అంతకు మించిన బలం మందు ఏ సీసాలోనూ దొరకదు.

సెలవు.