పాత కారూ, నిమ్మకాయలూ

మొన్న డాలస్‌లో నా పాత లగ్జరీ సెడాన్ అమ్మకానికి పెట్టా. కొన్న ధరలో నాలుగో వంతు కూడా ఇస్తామనట్లేదు! ఇంత బాగా చూసుకున్న కారుకి ఇదేం ధర అని ఉక్రోషం వచ్చింది.

దీనికి జవాబు 1970లోనే జార్జ్ అకెర్లాఫ్ రాశాడు, ‘లెమన్ల’ మార్కెట్ గురించి. మనం కొత్త కారు టైర్ల కింద పెట్టే నిమ్మకాయలు కావు లెండి, డొక్కు కార్లని ఇక్కడ అలా అంటారు. కారు లోపాలు అమ్మేవాడికే తెలుసు. కొనేవాడు భయపడి అన్నిటికీ సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి కారు ఎవడమ్ముతాడు? చివరికి మిగిలేవి డొక్కులే. మూడు పత్రికలు తిప్పికొట్టిన ఈ వ్యాసమే 2001లో ఆయనకి నోబెల్ తెచ్చింది.

చట్టాలు కూడా మోసాల వెనకాలే వచ్చాయి. ఓడోమీటర్ వెనక్కి తిప్పడాన్ని 1972లో అమెరికా అంతటా నిషేధించారు. 1985 నుంచి డీలర్లు వారంటీ ఉందో లేదో కారు అద్దానికి కాగితం అంటించి చెప్పాలి. నాలాగా సొంత కారు అమ్ముకునేవాడికి ఆ రూలు లేదు. ఉన్నది నోటిమాటే.

నా కారు చలికాలం పొద్దున్న గేరు మారేటప్పుడు కుదుపు ఇస్తుంది. చూడ్డానికొచ్చిన తెలుగు కుర్రాడు మధ్యాహ్నం ఎండలో నడిపాడు, తెలీలేదు. “ప్రాబ్లమ్స్ ఏమైనా ఉన్నాయా అన్నా?” అన్నాడు. చెప్పేశా. 1200 డాలర్లు తగ్గించి తీసుకెళ్ళాడు.

“ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?” అంది మా ఆవిడ.

అతను అడిగాడు కదా!