ప్రభుత్వాన్ని కూల్చిన కల్లు, ఊరిని కూర్చోబెట్టిన పాక

1954 నవంబరు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటి నెలయింది. రాజధాని కర్నూలు. శాసనసభలో టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. 1928లో మద్రాసు వీధిలో తెల్లదొరల తుపాకులకు గుండె చూపించిన మనిషి పదవి పోవడానికి కారణం మద్య నిషేధం. నిషేధం వల్ల ఒనగూడింది లేదు, ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఆ మాట వినలేదు. పనిపోయిన గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. ఆయనా గీత కులంలో పుట్టినవారే. తాటిచెట్టు మీద నుంచి వచ్చిన ఆ గొంతు సభలో ఒక మంత్రివర్గాన్ని దించేసింది.

ఆ సభ సంగతి చరిత్రకెక్కింది కానీ, గోదావరి డెల్టాలోని తణుకు చుట్టుపక్కల తాటిచెట్టు కింద జరిగిన చరిత్రను ఎవరూ రాసిపెట్టలేదు. ఇక్కడ చరిత్ర అంటే నన్నయ యజ్ఞం చేశాడని చెప్పుకునే గోస్తనీ తీరం, లేదంటే ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో నెలకొల్పిన ఆంధ్రా షుగర్స్. ఇరగవరం, వేల్పూరు, రేలంగి, అత్తిలి దారుల్లో కాలవగట్ల మీద నిలబడిన తాళ్లు, వాటి నీడన తాటాకు పాకలు ఆ జాబితాలోకి ఎక్కలేదు. లండన్‌లో పేటకో పబ్బు ఎలాగో, డెల్టాలో ఊరికో కల్లు పాక అలాగ. బ్రిటన్‌లో పాత పద్ధతి బీరు కనుమరుగవుతోందని 1971లో తాగేవాళ్లే సంఘం కట్టి నిలబెట్టుకున్నారు. మన పాకకు అలాంటి సంఘం ఏదీ రాలేదు.

పాక అంటే నాలుగు తాటి నిట్రాళ్లు, పైన తాటాకు కప్పు, కింద పేడతో అలికిన నేల. కుండలు ఓ మూల. తాగడానికి ముంత, అది చాలకపోతే తాటాకు మడిచిన దొప్ప. పక్కనే ఎవరో ఒకామె గంపలో ఉడికిన శనగలో, వేయించిన ఎండు చేపలో, కారం దట్టించిన నత్తల కూరో పెట్టుకుని కూర్చునేది. నాట్లు వేసి వచ్చినవాడు, చెరకు నరికి వచ్చినవాడు, బండి తోలేవాడు అక్కడే ఆగేవారు. ఏ రైతు కూలి ఎంత ఇస్తున్నాడో, ఏ లాకు దగ్గర నీళ్లు వదిలారో, ఎవరింట పెళ్లిచూపులు జరిగాయో తెలిసేది అక్కడే. "ఇంకో ముంత పొయ్యి బావా" అన్నవాడికి చేతిలో డబ్బు లేకపోయినా గీతకారుడు పోసేవాడు, పంటకు ఇస్తాడులే అని.

గీసే పని సంగతి తాగినవాళ్లలో చాలామందికి తెలియదు. మోకు నడుముకు, బంధం కాళ్లకు, కత్తి ముస్తాదులో. పోతుతాడు గెలనైనా పండుతాడు గెలనైనా రోజూ పల్చగా చెక్కి, కారే రసం పడేలా కుండ కట్టాలి. కోత లోతు పడితే గెల పాడవుతుంది, చాలకపోతే రసం రాదు. కుండ లోపల సున్నం పూస్తే రసం పులవదు, నీరాగానే దిగుతుంది. సున్నం లేకపోతే గాలిలోని ఈస్టు పని మొదలుపెట్టి గంటల్లోనే తీపిని మత్తుగా మార్చేస్తుంది. తెల్లవారి దింపింది తియ్యగా ఉంటుంది, పొద్దెక్కినకొద్దీ ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసిపోతుంది. సీసాలో పోసి ఏడాది దాచే సరుకు కాదది. అందుకే చెట్టుకు దగ్గరలో పాక, పాకకు దగ్గరలో ఊరు. గోదావరి జిల్లాల్లో ఈ పని ఎక్కువగా శెట్టిబలిజలది. చెట్టు మీద నుంచి జారిపడి నడుములు విరిగినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు గీత కుటుంబాల్లో లేకుండా లేరు. ముంత పట్టుకున్న ప్రతివాడూ ఈ సంగతి తెలుసుకుని తాగాలి.

ప్రభుత్వానికి మాత్రం ఈ చెట్టు మొదటినుంచీ ఖజానాయే. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద గీసే చెట్టుకు పన్ను, అమ్మే దుకాణానికి వేలం పాట. పాట పాడినవాడు వేరు, చెట్టెక్కేవాడు వేరు. స్వాతంత్ర్యోద్యమంలో కాంగ్రెస్ వాళ్లు కల్లు దుకాణాల ముందు పికెటింగ్ చేసినప్పుడు దెబ్బ తగిలింది ఆ ఆదాయానికి. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టింది. 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. గోదావరి జిల్లాల్లో కుండలు దిగిపోయాయి. వేలాది కుటుంబాలకు తెలిసిన ఒక్క పని నేరమైంది. చాటుగా సారా కాచడం పెరిగింది. లచ్చన్న కోపానికి మూలం ఇదే. ప్రకాశం ప్రభుత్వం పడిపోయినా నిషేధం వెంటనే పోలేదు. 1968లో ఎక్సైజ్ చట్టం వచ్చిన తర్వాతే పాకలు మళ్లీ బాహాటంగా లేచాయి.

లేచిన పాక పక్కనే సారా కొట్టు కూడా లేచింది. 1980లలో సారా ప్యాకెట్లలోకి వచ్చింది. అది పాకలో కబుర్లతో తాగేది కాదు, నిలబడి గొంతులో పోసుకుని పోయేది. కూలి డబ్బు అక్కడే కరిగిపోతుంటే ఇంటి దగ్గర పొయ్యి వెలగని ఆడవాళ్ల కడుపుమంటే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో అది పోయింది. పాక గురించి ఎంత ప్రేమగా రాసినా ఆ ఆడవాళ్ల మాట పక్కన పెట్టి రాయలేం. పాకలో కబుర్లు మగవాళ్లవి, లెక్కలు ఇంట్లో ఆడవాళ్లవి.

ఆ తర్వాత రాజ్యం బ్రాందీ షాపుది, బారుది. తణుకు జాతీయ రహదారి మీది పట్నం, కనుక బార్లకు కొదవ లేదు. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు హైవేకి 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదన్నప్పుడు ఇలాంటి ఊళ్లలో పెద్ద కలవరమే రేగింది. 2017లో మున్సిపాలిటీలకు సడలింపు వచ్చింది. బారు అంటే ఏసీ గది, మసక దీపం, పెద్ద టీవీ. పక్క బల్ల మీద ఎవరున్నారో పట్టించుకునేవాడు లేడు. ఇదే తణుకులో చెరకు మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాల్ ఎసిటిక్ యాసిడ్ లాంటి రసాయనాలుగా మారింది. ఆ పని చేసిన ఆంధ్రా షుగర్సే ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం కూడా తయారుచేసి ఇస్తోంది. ఊరు ఇంత దూరం వచ్చింది, సంతోషం. అయితే పాకను కూడా వెంట తీసుకురాగలిగేది.

కేరళలో తెచ్చుకున్నారు. అక్కడ కల్లు షాపులో కర్రపెండలం, చేపల కూర తినడానికి కుటుంబాలు కార్లలో వెళ్తాయి. మనకు చెట్లే తరిగిపోతున్నాయి. ఇటుక బట్టీలకు తాటి మొద్దులు, ఇళ్ల స్థలాలకు గట్లు, చేపల చెరువులకు పొలాలు. నాటిన తాడు గీతకు రావాలంటే పది పన్నెండేళ్లకు పైనే పడుతుంది, అంతకాలం ఎదురుచూసేవారు లేరు. గీత నేర్చిన కొడుకులు గల్ఫ్ విమానం ఎక్కేశారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీద, నీరా మీద పని జరుగుతోంది. 2022 కల్లు విధానంలో గీతలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 10 లక్షలకు పెంచారు. ఆ డబ్బు ఇంటిని ఆదుకుంటుంది కానీ చెట్టును నిలబెట్టదు. కాలవగట్ల మీద తాళ్లు నాటే పని పంచాయతీలు, నీటిపారుదల శాఖ కలిసి మొదలుపెట్టాలి.

వెళ్లాలనుకునేవాళ్లు మాఘం నుంచి ఎండలు ముదిరేలోపు వెళ్లండి. తణుకులో దిగి ఏ పల్లె రోడ్డెక్కినా, తలపైన కుండలు వేలాడుతున్న తాళ్లు కనిపిస్తే సైకిలు మీద డబ్బా కట్టుకుని వచ్చే గీతకారుణ్ణి ఆపి అడగండి. లైసెన్సు ఉన్నవాడి దగ్గరే తాగండి, అప్పుడే దింపిందే పోయమనండి. పొద్దున తొమ్మిది దాటకముందే వెళ్తే తీపి ఉంటుంది.