నీరసానికొక చరిత్ర

నీరసం అన్న మాటను విడదీసి చూస్తే రసం లేకపోవడమని అర్థం వస్తుంది. ఆయుర్వేదం చెప్పే సప్తధాతువుల్లో మొదటిది రసం. తిన్న అన్నం జీర్ణమయ్యాక ముందుగా తయారయ్యేది అదేనని, రక్తమూ మాంసమూ దాని తరువాతివేనని పూర్వుల లెక్క. తిన్నది ఒంటికి పట్టకపోతే ఏమవుతుందో నాకు పుస్తకాలకన్నా ముందు మెట్లు నేర్పాయి. ఊబకాయం తగ్గడానికి గాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న ఎనిమిదో నెలలో, 34 కిలోలు తగ్గిన మనిషిని, రెండో అంతస్తు ఎక్కలేక మధ్యలో చతికిలబడ్డాను. 118 కిలోలున్న రోజుల్లో ఆయాసపడుతూనైనా అవే మెట్లు ఎక్కినవాణ్ణి.

"తిండి మానేస్తే నీరసం రాదుట్రా? ఇంకో రెండు ముద్దలు తిను" అన్నది మా పిన్ని. గుప్పెడు కూడా లేని కడుపులో ఆ రెండు ముద్దలకు చోటెక్కడ? చోటు చేసినా, పప్పుకూ గుడ్డుకూ దక్కవలసిన జాగాను అన్నం ఆక్రమిస్తుంది. నా మటుకు నేను దాన్ని సోమరితనమనుకున్నాను. మంచం మీద పడి ఉన్న ఆ రోజుల్లోనే, నా నీరసం వయసు నూరేళ్ళ పైమాటేనని చదివి తెలుసుకున్నాను.

1881 జనవరి 29న వియన్నాలో బిల్రోత్ అనే శస్త్రవైద్యుడు కాన్సరు సోకిన జీర్ణాశయంలో కొంత భాగాన్ని కోసి తీసివేశాడు. ఆ రోగి తెరెసా హెల్లర్ నాలుగు నెలలు బతికింది. 1897లో జూరిక్‌లో ష్లాటర్ మొత్తం జీర్ణాశయాన్నే తొలగించాడు. ఆమె ఏడాదికి పైగా జీవించింది. కడుపు లేకుండా మనిషి బతకగలడని అలా రుజువైంది. ఎలా బతుకుతాడన్నది వేరే ప్రశ్న. తరువాతి దశాబ్దాల్లో కడుపులో పుళ్ళకు కూడా ఈ కోత అలవాటయ్యాక, కోలుకున్నవాళ్ళలో కొందరు ఏళ్ళు గడిచేకొద్దీ పాలిపోయి, కాళ్ళు తిమ్మిరెక్కి నీరసించిపోయేవారు.

ఈ చిక్కుముడి విప్పినవాడు బోస్టన్‌లోని విలియం కాసిల్. పెర్నిషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు కాలేయం తినిపిస్తే గుణమిస్తుందని 1926లో మైనాట్, మర్ఫీ చూపించారు. రోగులు రోజుకు పావుకిలో దాకా కాలేయం మింగవలసి వచ్చేది. అంత తినవలసిన అవసరం ఆరోగ్యవంతుడికి ఎందుకు లేదన్నది కాసిల్ ప్రశ్న. ఆయన తానే మాంసం తిని, గంట తరువాత కక్కి, దాన్ని గొట్టం ద్వారా రోగుల కడుపులోకి పంపాడు. వట్టి మాంసంతో కోలుకోనివారు దీనితో కోలుకున్నారు. వినడానికి జుగుప్సగానే ఉంటుంది కానీ, ఇంత నిష్కపటమైన ప్రయోగం నేను మరొకటి ఎరుగను. ఆహారంలోని ఒక పదార్థాన్ని ఒంటికి పట్టించే మరో పదార్థం ఆరోగ్యవంతుల జీర్ణాశయంలో ఊరుతుందని తేలింది. 1934 నోబెల్ బహుమానం కాలేయ చికిత్సకు గాను విపుల్, మైనాట్, మర్ఫీలకు దక్కింది, కాసిల్‌కు దక్కలేదు. ఆహారంలోని ఆ పదార్థమే బి12 విటమిన్. 1948లో గాని అది చేతికి చిక్కలేదు.

ఇక్కడ మన భీమవరం వస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆయనకూ అదే జబ్బు చేస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికించారంటారు. స్ప్రూలో పేగు ఆహారాన్ని గ్రహించలేదు. అంటే శస్త్రవైద్యుడు కత్తితో నాకు చేసినదాన్ని ఆ జబ్బు కత్తి లేకుండా చేస్తుంది. ఆయనే 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. కండరం కదలాలంటే ఖర్చయ్యే నాణెం అది. నా మెట్ల దగ్గర కొరవడింది ఆ నాణెమే. దాన్ని ముద్రించడానికి ప్రాణవాయువు కావాలి, ప్రాణవాయువును మోసుకురావడానికి రక్తంలో ఇనుము కావాలి. 1945లో ఆయన నాయకత్వంలో లెడర్లీ పరిశోధకులు ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించారు. దానితో పెర్నిషియస్ అనీమియా రోగుల రక్తం బాగుపడింది గాని నరాలు చెడుతూనే ఉన్నాయని త్వరలోనే తెలిసింది. నీరసం పోయిందని మురిసిపోతుండగా కాళ్ళు చచ్చుబడే ప్రమాదమన్నమాట. బి12 బయటపడిన ఏడాదే, 1948 ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు.

బరువు తగ్గించడానికే పేగును మళ్ళించాలన్న ఆలోచన 1950లలో వచ్చింది. 1954లో మినెసోటాలో క్రెమెన్, లిన్నర్, నెల్సన్ చిన్నపేగు మీద ప్రయోగాలు ప్రకటించారు. 1969 నాటి పేన్, డివిండ్ పద్ధతిలో ఇరవై అడుగుల పేగులో ఆహారం నడిచే దారి 18 అంగుళాలే. బరువు తగ్గేది, దానితోపాటు కాలేయం చెడేది, మూత్రపిండాల్లో రాళ్ళు పుట్టేవి. చివరకు ఆ పద్ధతిని వదిలేశారు. అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ వేరే దారి తొక్కాడు. పుళ్ళ కోసం కడుపు కోయించుకున్నవాళ్ళు మళ్ళీ బరువెక్కడం లేదన్నది ఆయన గమనించిన సంగతి. 1966లో ఆ అవలక్షణాన్నే చికిత్సగా మలిచాడు. ఈ మలుపు నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఒక తరం వైద్యులు శస్త్రచికిత్స తెచ్చిన బెడదగా రాసుకున్నదాన్ని మరుసటి తరం ఫలితంగా రాసుకుంది. అయితే ఆ బెడదతో వచ్చే నీరసం మాత్రం ఎక్కడికీ పోలేదు. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ దీన్నే చిన్న రంధ్రాల ద్వారా చేసి చూపాక కోత తగ్గింది గాని లోపల మళ్ళింపు అదే.

నా విషయానికొస్తే, నాలుగో నెలలోనే మాత్రలు అశ్రద్ధ చేశాను. బరువు చక్కగా తగ్గుతుంటే మందులెందుకనుకున్నాను. వేసుకున్న ఆ కాసిన్నీ పొద్దున్నే కాఫీతో, ఇనుమూ కాల్షియమూ కలిపి ఒకే గుక్కలో. పరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. బి12 సరిగానే ఉంది. కాలేయం దాన్ని ఏళ్ళ తరబడి దాచుకుంటుందట, కనుక ఆ అప్పు తీరే రోజు ఇంకా రాలేదు. బి1 నిల్వలు మాత్రం కొద్ది వారాలకే అయిపోతాయి; వాంతులు ఆగకపోతే ముందుగా దెబ్బతీసేది అదే. మా వైద్యుడు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఇనుము ప్రధానంగా ఒంటపట్టేది చిన్నపేగు మొదట్లో, ఆ ముక్కనే నాకు దారి తప్పించారు. దాన్ని కరిగించే ఆమ్లం చిన్న కడుపులో అంతంతమాత్రం. మిగిలిన అవకాశాన్ని కాఫీ, కాల్షియం పంచుకున్నాయి.

మాత్రలతో అయ్యేది కాదని ఇనుమును సిరలోకి ఎక్కించారు. ఇప్పుడు ఇనుము మాత్ర రాత్రి నిమ్మరసంతో, కాల్షియం సిట్రేట్ మధ్యాహ్నం. కాఫీ రెండింటికీ దూరంగా, ఒంటరిగా. పళ్ళెంలో ముందు గుడ్డో, పప్పో, పెరుగో, చోటుంటేనే అన్నం. రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు పూర్తిచేయడం శాకాహారపు వంటింట్లో ఎంత కష్టమో పిన్నికి ఇప్పుడు నాకన్నా బాగా తెలుసు. పెసలు నానబోసేది ఆవిడే.

అయిదు నెలల్లో హిమోగ్లోబిన్ 11.9కి వచ్చింది. రెండో అంతస్తు ఆగకుండా ఎక్కుతున్నాను. మూడో అంతస్తు మలుపు దగ్గర ఇంకా కాసేపు నిలబడవలసి వస్తోంది. అది ఇనుము సంగతో, బి12 సంగతో, యాభై దాటిన వయసు సంగతో వచ్చే నెల పరీక్షలో చూడాలి.